అతుకు దగ్గర పాట

(ఒక సంగీతాభిమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఒక అర నిమిషం వినిపిస్తాను. పాట పేరు చెప్పను, పాడినవారి పేరు కూడా చెప్పను. కళ్లు మూసుకుని వినండి.

(ఆర్గన్ మీద ఒక వరుస వినిపించారు.)

ఇక్కడ ఆపుతున్నాను. గాయకుడు ఇంకా నోరు విప్పలేదు, ఒక్క మాట కూడా రాలేదు. అయినా మూడో వరసలో ఒక పెద్దావిడ తల ఊపుతున్నారు, వెనకాల ఎవరో సన్నగా గొంతు కలిపారు. ఈ పాట తెలిసినవారిని కూనిరాగం తీయమని నేను చాలాసార్లు అడిగి చూశాను. అందరూ ఈ ఆర్గన్ వరుసే తీశారు. పల్లవి ఎత్తుకున్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇది 1967 మే నెలలో వచ్చిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’. ప్రోకల్ హారమ్ అనే ఇంగ్లండ్ బృందం పాట. ఆ వేసవిలో బ్రిటన్‌లో ఆరు వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. కర్తలుగా రికార్డు మీద రెండు పేర్లు వేశారు. బాణీ గ్యారీ బ్రూకర్‌ది, సాహిత్యం కీత్ రీడ్‌ది. మీరు ఇప్పుడు విన్న ఆర్గన్ వాయించినవాడు, ఆ వరుస కట్టినవాడు మాథ్యూ ఫిషర్. ఆయన పేరు ఆ రెండు పేర్ల పక్కన దాదాపు నలభై ఏళ్ల పాటు లేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ అర నిమిషంలోనే ఉంది. బ్రిటిష్ రాక్ బృందాల పాటలను అరవై ఏళ్ల తరువాత కూడా ఎందుకు వింటున్నాం, వాటి గురించి ఇంకా ఎందుకు వాదించుకుంటున్నాం అని అడిగితే, చాలామంది వీటిని రెండు వేరు వేరు ప్రశ్నలుగా చూస్తారు. పాటలు బాగున్నాయి కాబట్టి వింటున్నాం, వాటిలో డబ్బు ఉంది కాబట్టి తగాదా పడుతున్నారు అంటారు. నాకు అలా తోచదు. పాట ఏ చోట మన మనసును పట్టుకుంటుందో తగాదా కూడా ఆ చోటే పుడుతోంది. ఆ చోటుకు నేను పెట్టుకున్న పేరు అతుకు. ఇద్దరి ఊహలు, ఒక్కోసారి ముగ్గురివి, పక్కపక్కన చేర్చి కుట్టిన చోటు.

ఫిషర్ కథ కొంచెం నెమ్మదిగా చెబుతాను. ఆయన 1967 వసంతంలో బృందంలో చేరేసరికే పాట తయారై ఉంది. బ్రూకర్ పియానో మీద, మంద్రంలో మెట్టు మెట్టుగా కిందికి దిగే స్వరాలతో దాన్ని అల్లాడు. జర్మన్ స్వరకర్త బాక్ సంగీతం ఎరిగినవారు ఆ నడకను వెంటనే పోల్చుకుంటారు. ఫిషర్ హామండ్ ఆర్గన్ ముందు కూర్చుని, ఆ దిగుడు మెట్ల మీదుగా ఒక కొత్త రాగాన్ని సాగదీశాడు. కింద స్వరాలు దిగిపోతూ ఉంటాయి. పైన ఆర్గన్ మాత్రం తొలి స్వరం మీద చాలాసేపు నిలబడి, ఆ తరువాతే తీరిగ్గా కదులుతుంది. ఆ దిగడానికీ ఈ నిలబడడానికీ మధ్య ఉన్న లాగులాటే మీ గుండెను పట్టుకున్నది. దిగేది ఒకరిది, నిలిచేది ఇంకొకరిది.

2005లో ఫిషర్ కోర్టుకు వెళ్లాడు. 2006 డిసెంబరులో లండన్ హైకోర్టు, ఆర్గన్ వరుస పాటలో భాగమేనని, ఫిషర్ సహకర్త అని, బాణీ హక్కులో 40 శాతం ఆయనదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి కేంబ్రిడ్జ్‌లో న్యాయశాస్త్రంతో పాటు సంగీతం కూడా చదువుకున్నవాడు. 2008లో అప్పీలు కోర్టు అడ్డం తిరిగింది. కర్తగా పేరు ఉండవచ్చు కానీ 38 ఏళ్లు ఊరుకున్నవాడికి డబ్బు రాదంది. చివరికి 2009 జూలై 30న పార్లమెంటు ఎగువసభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఫిషర్ పక్షాన నిలిచారు. ఆలస్యమైనంత మాత్రాన కాపీరైట్ హక్కు పోదని తేల్చారు. అప్పటికి ఆ సభ దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉండే రోజులు అయిపోవచ్చాయి. ఆ అక్టోబరు నుంచి ఆ పని వేరే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాతబడిన ఆ సభ చివరి తీర్పుల్లో ఒకటి ఒక ఆర్గన్ వరుస గురించి కావడం నాకు ఎంతో నచ్చిన విషయం.

బ్రూకర్ వైపు నుంచి కూడా చూడాలి. పాట ముందే ఉంది, స్వరాల దారి ముందే ఉంది, ఫిషర్ వాయించినది ఆ దారి మీదే. వాయించిన ప్రతివాడూ కర్తే అయితే డ్రమ్స్ వాయించినవాడి మాట ఏమిటి, బేస్ గిటార్ మాట ఏమిటి? ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన వాదన కాదు. ఇంగ్లండ్, అమెరికా రికార్డింగు గదుల్లో దశాబ్దాల పాటు సాగిన ఆచారం అదే. అయినా నా మనసు ఫిషర్ వైపే ఉంది. ఆ వరుస తీసేసి పాట పాడి చూడండి. మిగిలేది ఒక మంచి పాటే, కానీ ఈ పాట కాదు.

ఇక్కడ మన మాట ఒకటి తెస్తాను, ఎందుకంటే ఈ చిక్కును తూచడానికి మన భాషలో మంచి తూకపు రాళ్లు ఉన్నాయి. వాగ్గేయకారుడు అంటాం. వాక్కూ గేయమూ రెండూ ఒకే మనిషి నుంచి వచ్చాయని ఆ పేరులోనే ఉంది. త్యాగరాజస్వామి కీర్తన ఎవరిదో కోర్టు చెప్పనక్కరలేదు, చరణంలో ఆయన పేరుతో ఉన్న ముద్ర చెబుతుంది. అదే అన్నమయ్య దగ్గరికి వస్తే సంగతి మారుతుంది. పదాలు తిరుమల రాగిరేకుల మీద దొరికాయి, రాగాల పేర్లూ దొరికాయి, ఆయన పాడిన వరుసలు మాత్రం చాలావరకు దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు స్వరపరిచినవి ఈ రోజు మన నోళ్లలో ఉన్నాయి. మనం వాటిని అన్నమయ్య కీర్తనలనే అంటాం. అలా అనడం సరైనదే. కానీ మన చెవిలో మోగుతున్నది ఇద్దరి పని అని మనకు తెలుసు. పాట కర్త అనే మాట పైకి కనిపించేంత తేలికైనది కాదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను.

బ్రిటన్‌లో 1960ల ముందు దాకా ఈ చిక్కు అంతగా లేదు. లండన్‌లో డెన్మార్క్ స్ట్రీట్ అనే చిన్న వీధి ఉంది. సంగీత ప్రచురణకర్తల కార్యాలయాలు అప్పట్లో ఎక్కువగా అక్కడే ఉండేవి. రాసేవారు రాసేవారు, పాడేవారు పాడేవారు. పాట అంటే కాగితం మీద అచ్చయ్యే మాటలు, బాణీ. చట్టం కూడా ఆ కాగితాన్నే పాటగా చూసింది. రికార్డుకు వేరే హక్కు, పాటకు వేరే హక్కు. పాటను ఎవరు పాడినా, రేడియోలో ఎన్నిసార్లు మోగినా, కర్తకు రాయల్టీ వస్తుంది. అదే బృందంలో ఉండి దాన్ని వాయించి నిలబెట్టినవాడికి ఆ సొమ్ములో వాటా ఉండదు. బీటిల్స్ వచ్చాక బృందాలు తమ పాటలు తామే కట్టుకోవడం మొదలుపెట్టాయి. కానీ కాగితం నియమం పాతదే ఉండిపోయింది. నలుగురు ఒక గదిలో ఒకరి వాద్యం ఒకరు వింటూ కట్టిన దానికి, ఒంటరిగా బల్ల దగ్గర కూర్చుని రాసినవాడి కొలత పెట్టారు. తరువాతి తగాదాల్లో ఎక్కువ భాగం దీని నుంచే వచ్చాయి.

క్వీన్ బృందం సంగతి త్వరగా చెబుతాను. 1975లో ‘బొహీమియన్ రాప్సడీ’ వచ్చింది. కట్టినవాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, మన పంచగనిలో బడి చదువు చదివిన పార్సీ కుటుంబపు పిల్లవాడు. ఆ చిన్న రికార్డుకు వెనక వైపు డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ కారు మోజు మీద కట్టిన పాట ఉంది. రికార్డు ఎవరు కొన్నా ఆ మొదటి పాట కోసమే కొన్నారు, కానీ అమ్మిన ప్రతి రికార్డు మీద కర్తల సొమ్ము రెండు వైపులకూ సమానంగానే వెళ్లింది. ఇటువంటి లెక్కలతో విసిగి, 1989 ఆల్బమ్ నుంచి నలుగురూ ప్రతి పాటకూ బృందం పేరే వేసుకున్నారు. డీప్ పర్పుల్ అంతకు చాలా ముందే, 1970 నాటికే, అయిదుగురి పేర్లూ కలిపి వేసింది. అది మర్యాద గల పద్ధతి. బృందాలన్నీ అలా చేసి ఉంటే ఎన్నో స్నేహాలు నిలిచేవి.

ఇప్పుడు బీటిల్స్‌లోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ. 1957 జూలై 6న లివర్‌పూల్‌లోని వూల్టన్ చర్చి ఉత్సవంలో ఇద్దరూ కలిశారు. ఒకడికి 16, ఇంకొకడికి 15. ఎవరు ఏది రాసినా ఇద్దరి పేర్లూ వేసుకుందామని కుర్రతనంలోనే మాట అనుకున్నారు. 1963లో వచ్చిన తొలి ఆల్బమ్ మీద మెకార్ట్నీ పేరు ముందు ఉంది. ఆ ఏడాదిలోనే లెనన్ పేరు ముందుకు వచ్చి అలాగే స్థిరపడింది. 2002లో మెకార్ట్నీ ఒక కచేరీ ఆల్బమ్ మీద బీటిల్స్ పాటలకు తన పేరు ముందు వేసుకున్నప్పుడు లెనన్ భార్య యోకో ఓనో వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. రెండు పేర్ల వరస గురించి ఇంత పట్టింపు ఏమిటని కొందరు చిరాకు పడ్డారు. నేను పడలేదు. చేసిన పని మీద తన పేరు ఎక్కడ ఉందో చూసుకోవడం చిన్నబుద్ధి కాదు.

‘ఇన్ మై లైఫ్’ తీసుకోండి, 1965 పాట. లెనన్ మొదట రాసుకున్నది తన ఇంటి నుంచి లివర్‌పూల్ నడిబొడ్డుకు వెళ్లే బస్సు దారిలో కనిపించే చోట్ల జాబితా. అది రుచించక కొట్టేసి, ఊళ్ల పేర్లు లేకుండా, పోయిన చోట్లనూ పోయిన మనుషులనూ తలుచుకునే పాటగా మార్చాడు. మాటలు లెనన్‌వని ఇద్దరూ ఒప్పుకున్నారు. బాణీ దగ్గర దారులు వేరయ్యాయి. మధ్య భాగంలోనూ గొంతుల కలయికలోనూ మెకార్ట్నీ సాయం చేశాడని, మిగిలినది తనదేనని లెనన్ చెప్పాడు. కాగితం తీసుకుని మెలోట్రాన్ అనే కీబోర్డు దగ్గర కూర్చుని బాణీ అంతా తానే కట్టానని మెకార్ట్నీ చెప్పాడు. ఇద్దరూ అబద్ధం ఆడేవారని నేను అనుకోను. 2018లో గణాంక శాస్త్రవేత్తలు ఇద్దరి ఇతర పాటల స్వరాల అలవాట్లను లెక్కగట్టి పోల్చి చూశారు. లెక్క లెనన్ వైపు మొగ్గింది. వాదన ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలుసుకోవాలంటే పాట మధ్యలోకి వెళ్లాలి. అక్కడ పాత చర్చి సంగీతంలా గలగలమనే ఒక వాద్యఖండం వస్తుంది. అది వాయించినవాడు నిర్మాత జార్జ్ మార్టిన్. పియానోను ఒక స్థాయి కిందుగా, సగం వేగంతో రికార్డు చేసి, టేపును రెట్టింపు వేగంతో తిప్పాడు. అందుకే అది పియానోలా కాక, దానికి ముందు తరం వాద్యమైన హార్ప్సికార్డ్‌లా పలుకుతుంది. ఇద్దరిలో ఎవరు కట్టారని లోకం పోట్లాడుకుంటున్న పాటలో, వినేవాడికి ఒళ్లు జలదరించే చోటు మూడో మనిషిది. ఆయన పేరు ఆ తగాదాలోనే లేదు.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘వుయ్ కెన్ వర్క్ ఇట్ అవుట్’ నాకు ఇంకా ఇష్టం. చరణాలు మెకార్ట్నీవి. ప్రేయసితో తగవు, నా వైపు నుంచి చూడు అనే బతిమాలుడు, అంతా సర్దుకుంటుందనే ఆశ. మధ్య భాగం లెనన్‌ది. శ్రుతి మసకబారుతుంది, జీవితం చాలా చిన్నది, కీచులాటలకు వ్యవధి లేదు అనే విసుగు వస్తుంది. ఆ భాగం చివర నడక ఒక్కసారిగా మారిపోతుంది. నాలుగు దెబ్బల తాళం కాస్తా మూడు దెబ్బలకు వస్తుంది, మన పరిభాషలో చతురశ్రం తిశ్రమవుతుంది. ఆ మార్పు సూచించినవాడు బృందంలో గిటార్ వాయించే జార్జ్ హారిసన్ అని మెకార్ట్నీయే చెప్పాడు. రెండు నిమిషాల పాటలో ముగ్గురి మనస్తత్వాలు ఉన్నాయి. సర్దుకుపోదాం అనే పాటలో సర్దుకోని రెండు స్వభావాలు పక్కపక్కన కూర్చున్నాయి. వాటిని నునుపుగా కలిపేసి ఉంటే ఆ పాట ఈ రోజు నా చేతిలో ఉండేది కాదు.

అటుగా ఎవరో చెయ్యెత్తారు. అడగండి.

(ఒక శ్రోత: మన సంగీతంలో అతుకు తెలియకుండా పాడడమే విద్వత్తు అంటారు కదా. అతుకు కనిపిస్తే లోపం కాదా?)

మంచి ప్రశ్న. రాగమాలిక గుర్తు చేసుకోండి. ఒక రాగం విడిచి ఇంకో రాగంలో కాలు పెట్టే ఆ క్షణంలో సభలో ఏమవుతుంది? అప్పటిదాకా చల్లగా కూర్చున్నవారు కూడా ఆహా అంటారు. అక్కడ అతుకు ఉంది, అది వినబడుతుంది, వినబడాలనే కట్టారు. బాగా కుట్టిన అతుకు వేరు, దాచిన అతుకు వేరు. నేను మాట్లాడుతున్నది మొదటిదాని గురించి.

అయితే కొన్నిసార్లు ఈ అతుకు నిజంగానే కత్తెరతో వేసినది. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ను రెండు రకాలుగా రికార్డు చేశారు, ఒకటి మెత్తగా, ఒకటి తంత్రీవాద్యాలతో బరువుగా. శ్రుతి వేరు, వేగం వేరు. దీని మొదలు, దాని చివర కలపమన్నాడు లెనన్. మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ టేపుల వేగాన్ని అటూ ఇటూ మార్చి రెండింటినీ ఒక శ్రుతికి తెచ్చి, కోసి అతికించారు. సుమారు ఒక నిమిషం దగ్గర నేల కొంచెం కదిలినట్టు ఉంటుంది. అదే ఆ చోటు. ఆ రికార్డు 1967 ఫిబ్రవరిలో వచ్చి బ్రిటన్‌లో రెండో స్థానం దగ్గరే ఆగింది. దాన్ని మొదటి స్థానానికి రానివ్వనిది ‘రిలీజ్ మి’ అనే పాట. పాడినవాడు ఎంగెల్బర్ట్ హంపర్డింక్. 1936లో మద్రాసులో పుట్టిన మనిషి! గొప్ప గొంతు, పాటలో ఎక్కడా గతుకు లేదు. ఆ నెలల్లో బ్రిటన్ ఆ నున్నని పాటనే ఎక్కువగా కొన్నది. గంటల తరబడి చెవి పెట్టి వెతుక్కునే పాట మాత్రం రెండో స్థానంలో ఆగినదే.

పింక్ ఫ్లాయిడ్ బృందం దగ్గరికి వస్తే ఈ మాట ఇంకా బరువెక్కుతుంది. 1973 జనవరిలో ఒక ఆదివారం రాత్రి క్లేర్ టోరీ అనే యువ గాయనిని లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు పిలిపించారు. ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. బృందంలోని రిక్ రైట్ పియానో మీద కట్టిన స్వరాల వరస ఉంది. మాటలు లేవు, బాణీ లేదు. ఏదైనా పాడమన్నారు. తనను తాను ఒక వాద్యంగా భావించుకుని ఆమె గొంతు విప్పింది. ఆ గొంతు ఏడ్చింది, ఎదిరించింది, చివరికి అలిసి ఒరిగిపోయింది. ఇచ్చినది 30 పౌండ్లు. తాను పాడినది వాడుకున్నారని, దుకాణంలో ఆల్బమ్ మీద తన పేరు చూశాకనే ఆమెకు తెలిసింది. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’కి కర్తగా రైట్ పేరు ఒక్కటే ముప్పై ఏళ్లు సాగింది. 2004లో ఆమె దావా వేసింది, 2005లో రాజీ కుదిరింది. ఆ తరువాతి ప్రతుల మీద గాత్ర రచన క్లేర్ టోరీ అని వేస్తున్నారు.

మన వారికి ఈ తగాదా అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది. ముందే కట్టి పెట్టినది కల్పిత సంగీతం, అప్పటికప్పుడు ఊహించి పాడేది మనోధర్మ సంగీతం అని మనకు రెండు మాటలు ఉన్నాయి. కచేరీలో విద్వాంసుడు చేసే ఆలాపన ఆ విద్వాంసుడిదే. దాన్ని రాగం కనిపెట్టినవారి ఖాతాలో ఎవరూ వేయరు. రైట్ ఇచ్చినది నేల, టోరీ చేసినది మనోధర్మం. ఇంగ్లిషు చట్టంలో ఆ రెండో మాటకు చోటు లేక, ఆ తల్లి ముప్పై ఏళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ గొంతు లేకుండా ఆ పాట ఎవరికి తెలిసేది?

కాగితం నియమం ఎంత వింతగా పనిచేస్తుందో లెడ్ జెప్పెలిన్ అనే బ్రిటిష్ బృందం కేసులో కనబడుతుంది. 1971 నాటి ‘స్టెయిర్‌వే టు హెవెన్’ తొలి గిటార్ వరుస, స్పిరిట్ అనే అమెరికా బృందపు ‘టారస్’ నుంచి తీసుకున్నదని 2014లో దావా పడింది. 2016లో లాస్ ఏంజిలిస్‌లో విచారణ జరిగితే, జ్యూరీకి టారస్ రికార్డు వినిపించనివ్వలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం రక్షణ ఉన్నది కాపీరైట్ కార్యాలయంలో దాఖలు చేసిన స్వరలిపి కాగితానికే, రికార్డులో మోగిన గిటార్‌కు కాదు. జ్యూరీ లెడ్ జెప్పెలిన్ పక్షాన తీర్పు ఇచ్చింది. 2018లో పైకోర్టు మళ్లీ విచారించమంది. 2020 మార్చిలో అదే కోర్టు విస్తృత ధర్మాసనం పాత తీర్పునే ఖాయం చేసింది. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. నా అభిప్రాయం అడిగితే, ఫలితం సరైనదే. అలా అర్ధస్వరాలుగా దిగే నడక పాశ్చాత్య సంగీతంలో వందల ఏళ్లుగా ఉంది. మాయామాళవగౌళ సరళీస్వరాలు నావి అని ఎవరు అనగలరు? కానీ ఫలితానికి చేరిన దారి నాకు మింగుడుపడలేదు. సంగీతం గురించిన వివాదంలో సంగీతం వినకూడదన్నారు.

అదే బృందం మీద ఇంకో అభియోగం ఉంది, దాన్ని నేను సమర్థించలేను. 1969లో వచ్చిన ‘హోల్ లాటా లవ్’ మాటల్లో చాలా భాగం షికాగో నల్లజాతి రచయిత విల్లీ డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన పాట నుంచి వచ్చాయి. రికార్డు మీద డిక్సన్ పేరు లేదు. ఆయన 1985లో దావా వేశాక, 1987లో రాజీ జరిగి పేరు చేరింది. బ్రిటిష్ కుర్రాళ్లు అమెరికా బ్లూస్ రికార్డులను ప్రాణంగా ప్రేమించారు. బ్లూస్‌లో పద్యాలు నోటి నుంచి నోటికి తిరిగే మాట నిజమే. కానీ తిరిగే సంపదను తీసుకుని తన ఒక్కడి పేరు రాసుకున్నప్పుడు అది తిరగడం మానేస్తుంది. బతికి ఉన్న రచయిత, పేరు తెలిసిన రచయిత, చిరునామా దొరకని మనిషి కాదు. పాట గొప్పదే. అప్పు కూడా నిజమే. ఆ పాట విన్న ప్రతిసారీ రెండూ నాకు కలిసే వినబడతాయి.

రోలింగ్ స్టోన్స్ కథలో అప్పు ఒక గొలుసులా సాగుతుంది. 1965లో ఆ బృందంలోని మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ‘ది లాస్ట్ టైమ్’ కట్టారు. దాని పల్లవి స్టేపుల్ సింగర్స్ పాడిన నల్లజాతి చర్చి పాట నుంచి వచ్చినదని రిచర్డ్స్ తానే ఒప్పుకున్నాడు. స్టోన్స్ మేనేజరు ఆండ్రూ ఓల్డమ్ దాన్ని వాద్యబృందంతో మళ్లీ చేయించాడు. ఆ తంత్రీవాద్యాల అమరిక డేవిడ్ విటకర్‌ది. స్టోన్స్ పాటలో ఎక్కడా లేని ఒక వరుస అందులో పుట్టింది. 1997లో ద వెర్వ్ బృందం ఆ ముక్కను తీసుకుని ‘బిటర్ స్వీట్ సింఫనీ’ చేసింది. మాటలన్నీ ఆ బృందం గాయకుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌వి. స్టోన్స్ పాత పాటల హక్కులు చేతిలో ఉన్న ఆలెన్ క్లెయిన్ మొత్తం హక్కు అడిగి తీసుకున్నాడు. కర్తలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు పడ్డాయి. తాము రాయని మాటలకు, తాము కట్టని తంత్రీ వరుసకు! 2019 మే నెలలో వారిద్దరూ తమ హక్కును ఆష్‌క్రాఫ్ట్‌కు ఇచ్చేశారు. అది పెద్దమనసు, అందులో సందేహం లేదు. అయితే ఆ వరుసను నిజంగా కట్టిన విటకర్ పేరు ఈ కథ చెప్పేవారిలో సగం మంది చెప్పరు. మీరు మాత్రం గుర్తుంచుకోండి.

ఇంతసేపూ ఇద్దరు ముగ్గురు కలిసి కట్టినవే చెప్పాను. ఒక్కడే కట్టినవాటి సంగతి ఏమిటని మీకు రావచ్చు. దానికి ద కింక్స్ బృందపు రే డేవిస్ ఉన్నాడు. మాటలూ బాణీ రెండూ తనవే, అచ్చమైన వాగ్గేయకారుడు. 1965 మొదట్లో ఆస్ట్రేలియా వెళుతూ బృందం బొంబాయిలో ఆగింది. తెల్లవారుజామున పనికి వెళుతున్న జాలరుల పాట ఆయన చెవిన పడింది. ఆ జులైలో వచ్చిన ‘సీ మై ఫ్రెండ్స్’లో గిటార్ తంబురాలా ఒకే శ్రుతిని పట్టుకుని మోగుతుంది. బీటిల్స్ రికార్డు మీద సితార్ వినబడడానికి అది కొన్ని నెలల ముందు. ఆ జాలరుల పేర్లు మనకు తెలియవు. ఒంటరి కర్త పాటలో కూడా అలా ఒక అతుకు దొరికింది.

ఆయన ‘వాటర్లూ సన్‌సెట్’లో ఒక మనిషి కిటికీ దగ్గర కూర్చుని థేమ్స్ నది ఒడ్డున కలుసుకునే జంటను చూస్తూ ఉంటాడు. తాను బయటికి రాడు, చూడడమే. ఒంటరితనం గురించిన పాట ఇంత తృప్తిగా ఎలా ఉంది? మనిషి ఒంటరివాడు, బాణీ కాదు. వెనక గొంతులు ఆయన చుట్టూ చేరి ఆయనను ఒంటరిగా ఉండనివ్వవు. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆయన దాన్ని పాడాడు. అదే రచయిత 1968లో పల్లెపచ్చిక బయళ్లను, పాత దుకాణాలను, మాసిపోయిన ఫొటోలను తలుచుకుంటూ ఒక ఆల్బమ్ తెస్తే అప్పుడు అది ఏ జాబితాకూ ఎక్కలేదు. ఇప్పుడు ఆ దశాబ్దపు గొప్ప రచనల్లో ఒకటిగా చెప్పుకుంటున్నారు. అది పాత ఇంగ్లండ్ మీద మమకారమా, ఆ మమకారం మీద విమర్శా అనే వాదన ఇంకా నడుస్తోంది. నాకు అది మమకారమే. కానీ తాను తలుచుకుంటున్నది తిరిగి రాదని తెలిసినవాడి మమకారం.

కింక్స్‌లో తమ్ముడు డేవ్ డేవిస్ ఉన్నాడు. 1964లో ‘యూ రియల్లీ గాట్ మి’ని నిలబెట్టిన ఆ గరుకు గిటార్ నాదం ఆయనది. చిన్న యాంప్లిఫయరు లోపలి స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి ఆ నాదం తెచ్చాడు. పాట కర్తగా అన్న పేరు ఒక్కటే ఉంది. స్వరలిపిలో ఆ చీలికను రాయడానికి గుర్తు లేదు కదా! ఆ గిటార్ వాయించినది తరువాత లెడ్ జెప్పెలిన్ పెట్టిన జిమ్మీ పేజ్ అని ఒక పుకారు కూడా పుట్టింది. పేజ్ తానే కాదన్నాడు. అయినా దశాబ్దాల పాటు తమ్ముడు నేనే వాయించానని చెప్పుకోవలసి వచ్చింది. పదిహేడేళ్ల కుర్రవాడు తన చేత్తో చేసినదాన్ని ముసలితనం దాకా నాది నాది అని చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

సమయం అయిపోవచ్చింది. చివరగా ‘ఎ డే ఇన్ ద లైఫ్’ మొత్తం వినిపించి కూర్చుంటాను. మొదటి భాగం లెనన్‌ది, దినపత్రిక వార్తల నుంచి. మధ్యలో నిద్ర లేచి హడావిడిగా బస్సు పట్టుకునే ముక్క మెకార్ట్నీది, వేరే పాట కోసం అట్టిపెట్టుకున్నది. ఈ రెండింటినీ ఎలా కలపాలో మొదట ఎవరికీ తెలియదు. అందుకని మధ్యలో 24 ఆవర్తాలు ఖాళీగా వదిలేసి రికార్డు చేశారు. తరువాత 1967 ఫిబ్రవరి 10న నలభై మంది వాద్యకారులను కూర్చోబెట్టి, అట్టడుగు స్వరం నుంచి పైస్వరం దాకా ఎవరికి వారు ఎగబాకమన్నారు. ఆ ఖాళీని నింపినది అదే.

ఆ ఎగబాకుడు కింద కొంచెం శ్రద్ధగా వినండి. ఆవర్తాలు తప్పిపోకుండా ఒక గొంతు అంకెలు లెక్కపెడుతూ ఉంటుంది. ప్రతిధ్వనిలో మునిగి ఉంటుంది కానీ వినబడుతుంది. 24వ ఆవర్తం చివర గుర్తు కోసం పెట్టుకున్న అలారం గడియారం మోగుతుంది. దాన్నీ తీసేయలేదు. ఆ లెక్క పెట్టినవాడు మాల్ ఎవాన్స్, బృందం సామాను మోసి, బండి నడిపి, వారి వెంట తిరిగిన మనిషి. దీపాలు కొంచెం తగ్గించండి. రెండో నిమిషం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కోసం చూస్తూ ఉండండి.